నా పేరు మీద ఒక రసీదు

అజ్మాన్. రషీదియా. మసీదు ఎనుక సందు.
జూలై నెల. బాయిలర్ లోపట ఒక ఎండ,
షట్టర్ బయట ఇంకో ఎండ.
నడుమ నేను, షొహాగ్, నూటా నలభై కందూరాలు.

ఆ రాత్రి గిరాకీ లేని యాళ్ల
రసీదు బుక్కుల కొత్త పేజీ తీసి
పేరు కాడ నా పేరే రాసిన:
గంగాధర్. ఒకటి. మరకలున్నయి.
షర్టు, ప్యాంటు, దుప్పటి అన్న వరుసలు కొట్టేసి
రాసుకున్న:
రోజూ అరగంట నడక.
రోజూ పది పేజీలు చదువుడు, ఏదన్న సరే.
చాయిల చక్కెర ఒక్క చెంచా.
పిల్లల మీద అరువద్దు.
హన్వికకు తెలుగు, ఇరవై నిమిషాలు.
డెలివరీ తారీఖు కాడ పెన్ను ఆగింది.
వచ్చే రంజాన్ అని రాసి, కొట్టేసి,
ఉత్తగనే ఇడిసిన.

తెల్ల కాయితం పర్సుల పెట్టుకున్న.
పసుప్పచ్చ నకలు బుక్కులనే ఉండె.

నడక సంగతి జెప్పాలంటే
సముద్రం దుకాణానికి పదమూడు నిమిషాల దూరం.
మొదటి వారం పోయిన,
గాలి తడి తువ్వాల లెక్క మొహానికి అంటుకుంది.
రెండో వారం షొహాగ్‌కు జ్వరం.
మూడో వారం మున్సిపాలిటోళ్లు.
నాలుగో వారం ఏ సాకూ లేకుండె,
అయినా పోలే.

కౌంటర్ నుంచి ఇస్తిరి బల్ల దాక,
బల్ల నుంచి తీగ దాక
నడిచిందంత నడకనే గదా అని
ఒకనాడు టిక్కు పెట్టుకున్న.
కొత్త మెషిన్‌తోటి వచ్చిన కాయితాలు పన్నెండు పేజీలు,
వాటిని గూడ చదువుల కలిపిన.
ఎవలు జూస్తరు?
బట్టలకు సబ్బుంది, లెక్కలకు నేనే సబ్బు.

అరువద్దు అన్న వరుసకు
ఇరవై రెండు టిక్కులు.

గోడ మీద మూడు భాషల బోర్డు:
ముప్పై దినాల్ల తీస్కపోకుంటే మా పూచీ లేదు.
దినాం దాని కిందనే నిలబడి చిల్లర లెక్కపెడత.
ముప్పై ఒకటో దినం తలెత్తి చదివితే
నా మీదనే రాసినట్టు అనిపిచ్చింది.
ఏ తీగకు వేలాడుతున్ననో నేను,
కవర్ మీద దుమ్ముతోటి.

స్వరూపకు నైట్ డ్యూటీ.
ఆమె ఆస్పత్రి బస్సెక్కంగనే పిల్లలు దుకాణంలకు దిగుతరు.
చిన్నోడు హ్యాంగర్లతోటి విమానాలు జేస్తడు.
తొమ్మిదేండ్ల పెద్దది బుక్కులు తిరగేస్తది.
అరబ్బీల ఫస్టు. ఇంగ్లీషుల ఫస్టు.
తెలుగు మాత్రం నోట్లనే, కంటికి రాదు
అనుకున్న.

శుక్రవారం హిసాబు జేద్దామని తెరిస్తే
పసుప్పచ్చ నకలు మీద ఊదారంగు పెన్సిల్.
అరువద్దు పక్కన తొమ్మిది ఇంటూలు.
ఒకదాని కింద అక్షరాలు, ఒక్కోటి ఒక్కో ఎత్తు:
"మంగలారం తముని మీద అరిచినవ్.
జూస్ పోసిండు కద అంతే."

మంగళారం. పెండ్లికి పోవాల్సిన కందూరా మీద మామిడి జూస్.
అరిచిన.
షొహాగ్ ఇస్తిరి పెట్టె లేపి పట్టుకోని అట్లనే నిలబడ్డడు.
ఆ రాత్రి నేను టిక్కు పెట్టిన.

ఎవలు నేర్పిండ్రే రాసుడు?
"నువ్వే. అమ్మ ఒక్కసారి చదివిచ్చింది.
'అ' అరగంటల ఉంది, 'చ' చక్కెరల ఉంది.
నీ పేర్ల 'గ' రెండు సార్లుంది.
అసలు 'ళ' ఏడ లేదు.
అందుకే 'మంగలారం'."

ఆఖరి వరుస చూసిన, హన్వికకు తెలుగు.
నెల మొత్తం ఖాళీ.
పెన్ను తీసి టిక్కు పెట్టబోతే
చెయ్యి పట్టుకుంది.
"ఇరవై నిమిషాలు కాలే. ఇంక 'ళ' రాయాలె."

కొత్త పేజీ తిప్పి రాసిన,
జర ఒత్తి.
కార్బన్ కింద ఇంకో ళ పడ్డది.
అంతల ఎవరో షట్టర్ కొట్టిండ్రు,
అర్జంటట.